కొరత నుండి సిలువకు: ఒక మరణదండన క్రియ అర్థవిపరిణామం

ఒక శిక్ష అమలు నుండి తొలగిపోయిన తరువాత కూడా దాని పేరు భాషలో నిలిచి ఉంటుంది. ఆ పేరు ఎవరి వైపు నుండి పలుకుతున్నదనే అంశం అర్థవిపరిణామ చరిత్రలో ముఖ్యమైనది. శిక్ష వేసినవాడి వైపు నుండి నిలిచిన మాటకూ, శిక్ష పడినవాడి వైపు నుండి నిలిచిన మాటకూ అర్థం ఒకే దారిలో నడవదు. ఆంగ్లంలోని ‘క్రూసిఫై’ అనే క్రియ, దానికి సమానార్థకంగా నిఘంటువులు చూపే ‘సిలువ వేయు’ అనే తెలుగు క్రియ ఇందుకు మంచి ఉదాహరణలు. రెండూ ఒకే రోమన్ శిక్షను చెబుతాయి. అయితే ఆంగ్ల క్రియ క్రమంగా సడలి తీవ్రవిమర్శకు మారుపేరైంది. తెలుగు క్రియ నిరపరాధి బాధను విడిచిపెట్టలేదు. ఈ భేదానికి కారణం తెలుగు ఆ మాటను స్వీకరించిన పద్ధతిలోనే ఉన్నదని, ఆధునిక తెలుగు సాహిత్యంలో అణగారిన వర్గాల గొంతుకు ఆ మాట ఉపకరించడానికి మూలం కూడా అదేనని ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

రోము నాణెం, రోము శిక్ష

రోముతో పల్నాటి పరిచయం క్రైస్తవంతో మొదలైనది కాదు. నేడు విజయపురి సౌత్ నుండి లాంచీలో చేరే నాగార్జునకొండ, క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నెలకొన్న లోయలోని భాగం. సాగర్ జలాశయంలో ఆ లోయ మునగడానికి ముందు, 1954-60 మధ్య జరిగిన తవ్వకాలలో వెలువడిన వస్తువులలో రోమన్ బంగారు నాణేలూ ఉన్నాయి. వాటిలో ఒకటి టిబేరియస్ చక్రవర్తిది. వినుకొండలో 19వ శతాబ్ది చివర దొరికిన రోమన్ నాణేల నిధిలోనూ టిబేరియస్ నాణేలు ఉన్నాయి. క్రీ.శ. 14 నుండి 37 వరకు పాలించిన ఈ చక్రవర్తి కాలంలోనే, యూదయ ప్రాంతాధికారి పొంతి పిలాతు ఆజ్ఞపై యేసుకు మరణశిక్ష అమలైంది. ఆ ప్రభుత్వపు బంగారం సముద్రవ్యాపారం ద్వారా పల్నాటికి చేరింది. దాని శిక్ష పేరు మాత్రం చాలా శతాబ్దాల తరువాత, పూర్తిగా వేరొక దారిలో వచ్చింది.

ఆ శిక్ష స్వరూపాన్ని గుర్తుచేసుకోవడం అవసరం. కొయ్యకు కట్టి గాని మేకులు కొట్టి గాని మనిషిని వేలాడదీసి, గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి చావనివ్వడం దాని పద్ధతి. రోమన్ సమాజంలో దీన్ని ప్రధానంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు, పౌరసత్వం లేని నేరస్థులకు విధించేవారు. రోమన్ పౌరుడికి ఆ శిక్ష వేయడం ఎంతటి అకృత్యమో సిసెరో వెర్రెస్‌పై అభియోగంలో తీవ్రంగా చెప్పాడు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచిన తరువాత పట్టుబడిన 6,000 మంది బానిసలను కాపువా నుండి రోముకు పోయే దారి పొడవునా వేలాడదీశారు. ఊరి వెలుపల, నలుగురూ నడిచే బాట పక్కన అమలు చేయడం ఈ శిక్షలోని ముఖ్యాంశం. ప్రాణం తీయడంతో పాటు పరువు తీయడం దాని ప్రయోజనం.

ఆంగ్ల క్రియ నడిచిన దారి

గ్రీకులో ‘స్టౌరోస్’ అంటే మొదట నిలువుగా పాతిన గుంజ. దాని నుండి పుట్టిన క్రియకు గుంజలు పాతి దడి కట్టడమనే అర్థం ఉండేది. శిక్షాసాధనంగా గుంజ ప్రసిద్ధమైన కొద్దీ ఆ క్రియ శిక్షకే ఎక్కువగా వర్తించింది. ఇది స్పష్టమైన అర్థసంకోచం. లాటిన్‌లో ‘క్రుక్స్’ అనే నామానికి ‘బిగించు’ అనే క్రియ చేరి ఏర్పడిన రూపం ఫ్రెంచి మీదుగా సుమారు 1300 ప్రాంతంలో ఆంగ్లంలో ‘క్రూసిఫై’గా స్థిరపడింది. అప్పటికి రోమన్ రాజ్యంలో ఆ శిక్ష రద్దయి దాదాపు 1,000 ఏళ్లు. అంటే ఆంగ్లభాషీయులు ఆ క్రియను తమ న్యాయవ్యవస్థ నుండి గాక గ్రంథం నుండి, ప్రార్థన నుండి పొందారు.

క్రియకు మొదటి లక్ష్యార్థం కూడా గ్రంథం నుండే వచ్చింది. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు శరీరవాంఛలను చంపుకోవడానికి ఈ క్రియనే వాడాడు. ఆ తరువాత ‘హింసించు’, ‘వేధించు’ అనే అర్థాలు వచ్చాయి. 1896లో షికాగోలో జరిగిన డెమొక్రటిక్ పార్టీ మహాసభలో విలియం జెన్నింగ్స్ బ్రయన్ బంగారు ద్రవ్యవిధానాన్ని మానవజాతిని వేలాడదీసే బంగారు సిలువగా వర్ణించాడు. అక్కడ ఇంకా బాధితుడి నిరపరాధిత్వం మాటలో ఉన్నది. నేటి ఆంగ్ల వాడుకలో అదీ సన్నగిల్లింది. పత్రికలు ఒక మంత్రిని తూలనాడినా, ఒక జట్టు మరొక జట్టును చిత్తుగా ఓడించినా ఇదే క్రియ. అదే లాటిన్ మూలం నుండి వచ్చిన మరొక విశేషణం పంటినొప్పికి, తలనొప్పికి కూడా చెల్లుతున్నది. అర్థవ్యాకోచం పెరిగిన కొద్దీ మాట బరువు తగ్గింది.

తెలుగులో అంతకు ముందున్న మాటలు

తెలుగుకు ఇటువంటి శిక్ష పేరు కొత్త కాదు. ‘కొరత వేయు’ అనే క్రియ తెలుగు కథలలో, పురాణాలలో చిరపరిచితం. ప్రాచీన లిపిలో దీన్ని శకటరేఫంతో రాసేవారు. కొనదేలిన కొయ్యను నేరస్థుడి శరీరంలో దించి నిలబెట్టడం ఆ శిక్ష. సంస్కృతంలో దానికి శూలారోపణమని పేరు. దొంగలకు, రాజద్రోహులకు రాజు విధించే శిక్షగా జానపద కథలలో ఇది తరచుగా వస్తుంది. కథ చివర రాజు ఎవరినైనా కొరత వేయించాడంటే నేరానికి తగిన ఫలితం దక్కిందని శ్రోత తృప్తిపడతాడు. ఆ క్రియ న్యాయం చెప్పే రాజు వైపు నుండి పలుకుతుంది.

నిరపరాధి శూలమెక్కిన కథలు మన సాహిత్యంలో లేకపోలేదు. ఆదిపర్వంలోని అణిమాండవ్యుడి కథ అందరికీ తెలిసినదే. మౌనవ్రతంలో ఉన్న మునిని దొంగలతో పాటు పట్టుకొని రాజు శూలం మీద వేయిస్తాడు. ఆయన చావడు, నిజం తెలిసిన రాజు క్షమాపణ కోరుతాడు. బయటికి రాని శూలాన్ని మొదట నరికివేయగా, శరీరంలో మిగిలిపోయిన కొన ఆయన పేరులో ‘అణి’గా నిలిచింది. చిన్ననాట పురుగులను గుచ్చిన పాపానికి ఇది ఫలమని యమధర్ముడు చెప్పినప్పుడు, 14 ఏళ్ల లోపు పిల్లలు చేసిన పనికి పాపం అంటకూడదని మాండవ్యుడు కట్టడి చేస్తాడు. యముడు శాపవశాన విదురుడుగా పుడతాడు. శిక్షకు, నేరానికి మధ్య ఉండవలసిన తూకాన్ని ఇంత సూటిగా ప్రశ్నించిన కథలు అరుదు. శూద్రకుడి మృచ్ఛకటికంలో చేయని హత్యకు చారుదత్తుడిని వధ్యస్థలానికి నడిపిస్తారు. శిక్ష విధించేది రాజు; అమలు చేయవలసినవారు చండాలురు. తమ పుట్టుకకు, తమ చేతలకు గల తేడాను ఆ చండాలులే అక్కడ ఎత్తిచూపుతారు.

ఇంతటి కథలు ఉన్నప్పటికీ ‘కొరత వేయు’ అనే క్రియకు ‘నిరపరాధిని బాధించు’ అనే అర్థం రాలేదు. మాండవ్యుడి కథలో ప్రశ్న రాజు నుండి యముడి వైపునకు, శిక్ష నుండి కర్మ వైపునకు మళ్లింది. చారుదత్తుడు బతికి బయటపడ్డాడు. శూలం మీదే నిలిచిపోయి తరతరాలు తలచుకొనే నిరపరాధి ఆ క్రియకు దక్కలేదు. ఇటు ‘శూల’ శబ్దం శరీరబాధ వైపు నడిచింది. గుచ్చినట్టు వచ్చే నొప్పిని ఆయుర్వేదం శూల అన్నది. శంకువు దిగినట్టుంటుంది కనుక ఆ పేరని వివరించింది. తెలుగువారికి కడుపుశూల తెలుసు. శిక్షాసాధనం పేరు నొప్పికి పేరు కావడం లాటిన్‌లోనూ సంస్కృతంలోనూ వేరువేరుగా జరిగిన సమాంతర పరిణామం. కాగా ‘కొరత’కు మరొక చిక్కు వచ్చింది. లోటు అనే అర్థంలో ఉన్న ‘కొరత’ నిత్యవ్యవహారంలో బలపడింది. నీటి కొరత, ఎరువుల కొరత అని రోజూ చదివే నేటి పాఠకుడికి కొరత వేయడమంటే వివరణ కావలసి వస్తున్నది.

సిలువ రాక

18వ శతాబ్ది నుండి తెలుగులోకి బైబిలును తెచ్చినవారి ముందు ఈ మాటలన్నీ ఉన్నాయి. కొరత, శూలం రెండూ శరీరాన్ని గుచ్చే శిక్షలు. రోమన్ శిక్ష వేలాడదీసేది. శూలానికి అదనంగా శివుడి ఆయుధమనే ప్రసిద్ధి ఉన్నది. శూలపాణిని కొలిచే భాషలో శూలాన్ని అవమానచిహ్నంగా నిలపడం కష్టం. అనువాదకులు ఈ రెండింటినీ వదిలి ‘సిలువ’ను స్వీకరించారు.

ఆ మాట యూరపు నుండి వచ్చినది కాదు. సిరియాక్ భాషలో సిలువకు ‘స్లీబా’ అని పేరు. సిరియాక్‌లో ఆరాధన చేసే కేరళ క్రైస్తవులకు అది ‘స్లీవా’. తమిళంలో ‘సిలువై’, కన్నడంలో ‘శిలుబె’, తెలుగులో ‘సిలువ’ దీని రూపాలే. ఉర్దూలోని ‘సలీబ్’ కూడా ఇదే సెమిటిక్ ధాతువుకు చెందినది. తెలుగు బైబిలు అనువాదానికి తొలుత పూనుకొన్న బెంజమిన్ షుల్జ్ తరంగంబాడిలో తమిళ అనువాదం మీద పనిచేసి, 1726లో మద్రాసుకు వచ్చినవాడు. ఆయన తెలుగు అనువాదం అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌లు ఆనందరాయర్ సహాయంతో సాగించిన అనువాదం నుండి మూడు సువార్తలు 1812లో సీరాంపూరులో అచ్చయ్యాయి. దక్షిణాది క్రైస్తవుల నోట అప్పటికే నలిగిన పదాన్ని తెలుగు బైబిలు సంప్రదాయం స్థిరపరచింది.

నామం పరాయిదైనా క్రియ మనదే. ‘వేయు’ తెలుగులో శిక్షల క్రియ: ఉరి వేయు, కొరత వేయు, సంకెళ్లు వేయు, జరిమానా వేయు, వెలి వేయు. ‘సిలువ వేయు’ ఈ వరుసలో ఇమిడిపోయింది. వినేవాడికి సిలువ ఎలా ఉంటుందో తెలియకపోయినా, అది ఒక అధికారం మరొకరి మీద వేసే శిక్ష అని ఆ క్రియ వెంటనే చెబుతుంది.

అనువాదకులు ఈ పదాన్ని ఎంత పరిమితంగా వాడారో గమనించదగినది. ఎస్తేరు గ్రంథంలో హామాను మరణాన్ని చెప్పేచోట ప్రాచీన గ్రీకు అనువాదం సువార్తలలోని క్రియనే వాడింది. తెలుగు బైబిలులో అక్కడ కనిపించేది ‘ఉరికొయ్య’. హీబ్రూ మూలంలో కొయ్య, వేలాడదీయడం మాత్రమే ఉండడం దానికి కారణం. కొత్త నిబంధనలో సైతం చెట్టు, కొయ్య అనే అర్థాలున్న గ్రీకు పదం వచ్చినచోట ‘మ్రాను’ వాడి, ‘సిలువ’ను వేరుగా ఉంచారు. సువార్తలలో యేసుకు ఇరుపక్కలా ఇద్దరు దొంగలు కూడా సిలువ మీద ఉన్నారు. అయినా తెలుగు పాఠకుడికి సిలువ అనగానే గుర్తుకు వచ్చేది నడుమనున్నవాడే. కొరతకు కథలు అనేకం; సిలువకు కథ ఒక్కటే. పరభాషాపదం కావడం వల్ల ఆ ఒక్క కథను మించిన పూర్వస్మృతి దానికి తెలుగులో లేదు.

వాడుకలో నిలిచిన అర్థం

1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ 1849లో గురజాలకు వెళ్లి పల్నాటిలో పనిచేశాడు. తరువాతి దశాబ్దాలలో ఈ ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కులాలవారు. చదువు అందని ఆ తరానికి సిలువ అనే మాట పుస్తకం కంటే ముందు కీర్తనలో, ప్రసంగంలో వినిపించింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలలో జరిగే ధ్యానాలు, గుడ్‌ఫ్రైడే నాడు సిలువపై పలికిన ఏడు మాటలను వరుసగా వివరించే ఆరాధన నేటికీ ఆ పరిచయాన్ని కొనసాగిస్తున్నాయి. ఇక్కడ ‘శ్రమ’ కూడా పరిశీలించదగిన మాట. లోకవ్యవహారంలో శ్రమ అంటే కష్టపడి చేసే పని. క్రైస్తవ తెలుగులో అది అనుభవించే బాధ. పొలంలో కూలి చేసి వచ్చి ఆరాధనలో కూర్చొన్నవారికి ఈ రెండు అర్థాలూ దూరమైనవి కావు. 1978లో వచ్చిన, విజయచందర్ నటించిన ‘కరుణామయుడు’ చిత్రం సిలువ మోసే మనిషి రూపాన్ని క్రైస్తవేతర ప్రేక్షకుల కళ్లకూ కట్టించింది.

ఈ నేపథ్యంలో లక్ష్యార్థాలు రెండు బలపడ్డాయి. ఒకటి ‘సిలువ మోయు’: తప్పించుకోలేని బాధ్యతను ఓర్పుతో భరించడం. రెండవది ‘సిలువ వేయు’: అధికారం గలవారు నిరపరాధిని బలి తీసుకోవడం. ఆంగ్లంలో వలె తీవ్రవిమర్శ అనే అర్థం తెలుగులో వేళ్లూనలేదు. ఆ స్థానం ఖాళీగా లేకపోవడమే అందుకు ఒక కారణం. తూర్పారబట్టడం, ఉతికి ఆరేయడం, ఎండగట్టడం, చెండాడడం, దుమ్మెత్తిపోయడం వంటి పలుకుబళ్లు అక్కడ ముందే ఉన్నాయి. వీటిలో పలుకుబళ్లు కళ్లం నుండీ చాకిరేవు నుండీ కూడా వచ్చాయి. గింజనూ పొట్టునూ వేరు చేసేవాడు తూర్పారబడతాడు. అక్కడ బాధితుడు లేడు. ఒకరి తప్పుకు మరొకరు నష్టపోయిన సందర్భంలో ‘బలిపశువు’ ఉన్నది. కాబట్టి ‘సిలువ వేయు’ తన బరువును ఖర్చు చేయవలసిన అవసరం రాలేదు.

వర్ణక్రమంలోనూ ఒక విభజన కనిపిస్తుంది. బైబిలులోను, సంఘవ్యవహారంలోను ‘సిలువ’. పత్రికలలోను, సాధారణ రచనలలోను తరచుగా ‘శిలువ’. సిరియాక్ మూలానికి, తమిళ రూపానికి దగ్గరైనది మొదటిది. రెండవది సంస్కృతపదమనే భ్రాంతితో శకారం తొడుక్కొన్న రూపం. ఆరాధనలో మాటను విన్నవారు ఒక రూపాన్ని, చదువుకొన్నవారి సవరణ మరొక రూపాన్ని నిలిపాయి. ‘సిలువ’ అశుద్ధమని దిద్దేవారు ఈ చరిత్రను గమనించవలసి ఉన్నది.

జాషువ చేతిలో సిలువ

రోమన్ బంగారం దొరికిన వినుకొండలోనే 1895 సెప్టెంబరు 28న గుఱ్ఱం జాషువ జన్మించాడు. పద్యం రాసినందుకు అగ్రవర్ణ పండితుల అవమానాలనూ, పురాణేతివృత్తాలను చేపట్టినందుకు క్రైస్తవుల నిందలనూ ఆయన ఎదుర్కొన్నాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో అస్పృశ్యుడు తన మొరను కాశీలోని శివుడికి పంపాడు. 1958లో వెలువడిన ‘క్రీస్తు చరిత్ర’లో అదే కవి సిలువ మీది మనిషిని పద్యానికెక్కించాడు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. ఈ రెండు రచనలను మతాంతరంగా గాక ఒకే ప్రశ్న రెండు దశలుగా చదవవచ్చు. శూలాన్ని ధరించిన దైవానికి మొర పెట్టుకోవడం మొదటి దశ. శిక్షాస్తంభం మీద వేలాడిన దైవాన్ని గానం చేయడం రెండవ దశ. శూలం దైవం చేతి ఆయుధం, సిలువ దైవం మోసిన శిక్ష. తెలుగు అనువాదకులు రెండు మాటలనూ కలపకుండా ఉంచినందువల్లనే ఈ తేడా కావ్యభాషకు అందుబాటులో ఉన్నది.

సాహిత్యంలోకి చేరిన తరువాత సిలువ రోమన్ చరిత్రలోని తన మొదటి సామాజికార్థాన్ని తిరిగి పొందింది. అది బానిసలకు, ఊరి వెలుపల వేసిన శిక్ష. తెలుగులో ‘వెలివేయు’, ‘సిలువ వేయు’ ఒకే క్రియతో ఏర్పడిన సమాసాలు. ఒకదానిలో ఊరి వెలుపలికి నెట్టడం, మరొకదానిలో ఊరి వెలుపల చంపడం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఘటనల తరువాత బలపడిన దళిత సాహిత్యం సిలువను మతచిహ్నంగా మాత్రమే చూడకపోవడానికి ఈ సామీప్యం తోడ్పడింది. అక్కడ సిలువ వేయబడినవాడు ప్రార్థనామందిరంలోని ప్రతిమ కాదు, వెలివాడ మనిషి. కొరత ఈ పని చేయలేకపోయేది. కొరత మీద ఉన్నవాడు దొంగ అని కథలు వినేవారికి ముందే నేర్పాయి.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. మొదటిది, స్వభాషలో సమీపార్థకపదం ఉన్నప్పటికీ పరభాషాపదాన్ని స్వీకరించడం ప్రతిసారీ పేదరికం కాదు. పాత పదం మోస్తున్న తీర్పును తప్పించుకోవడానికి కూడా భాష అలా చేస్తుంది. రెండవది, ఒక క్రియ అర్థవ్యాకోచం పొందడం దాని చుట్టూ ఉన్న ఇతర పలుకుబళ్ల మీద ఆధారపడుతుంది. తూర్పారబట్టడం ఉన్న భాషకు తిట్టడానికి సిలువ అక్కరలేదు. మూడవది, నిఘంటువులలో ‘క్రూసిఫై’కి ‘సిలువ వేయు’ సమానార్థకంగా ఉన్నా, వాటి వర్తమాన వ్యాప్తి సమానం కాదు. ఆంగ్ల వార్తలో మంత్రిని విమర్శించిన సందర్భాన్ని ‘శిలువ వేశారు’ అని అనువదించినప్పుడు తెలుగు పాఠకుడికి ఆ మంత్రి నిరపరాధి అనే అర్థం స్ఫురిస్తుంది. అనువాదకుడు ఉద్దేశించని తీర్పు అది. ద్విభాషా నిఘంటువులు ఈ క్రియకు శిక్షార్థాన్ని, పౌలు పత్రికల నుండి వచ్చిన ఆత్మనిగ్రహార్థాన్ని, నిరపరాధిని బలిచేయడమనే అర్థాన్ని వేరువేరుగా చూపి, విమర్శార్థానికి తెలుగు పలుకుబళ్లను సూచించడం సముచితం. అట్లాగే ‘కొరత వేయు’ను లోటు అనే అర్థంలోని కొరత నుండి వేరుచేసి ప్రత్యేక ఆరోపంగా నిలపడం వల్ల, పాత కథలు చదివే నేటి విద్యార్థికి ఆ కొయ్య కొన కనబడుతుంది.